తొంభై ఆరు ఎవరిది

2025 అక్టోబరు 6, సోమవారం

నీళ్లు: తొమ్మిది బిందెలు. రొట్టెలు: ఏడు. ఉతికిన బట్టలు: పద్నాలుగు, అందులో దుప్పట్లు రెండు. ఏరిన బియ్యం: నాలుగు శేర్లు, రాళ్లు తక్కువ. వరండా, మెట్లు కడిగాను. మిద్దె మీద గింజలు ఎండబెట్టే గుడ్డ దులిపి మడత పెట్టాను. ఆయన చొక్కా గుండీ ఒకటి కుట్టాలి, మిగిలింది.

వసంత్ పోయి ఇరవై రెండు రోజులు.

ఈ మాట రోజూ రాస్తున్నాను. అంకె మారుతోంది. అంకె మార్చడం తప్ప నాకు ఇంకేమీ అనిపించడం లేదు. తోడబుట్టినవాడు ఒక్కడే. పోయాడు. రొట్టెలు ఏడే చేశాను, ఏడూ గుండ్రంగానే వచ్చాయి.

ఈ రోజు బీరువా మీద నుంచి పుస్తకం దించి తుడిచాను. మామగారు మిషన్ స్కూల్లో పనిచేసినప్పటి హాజరు పట్టీ అది, వాడకుండా మిగిలిపోతే నేను తీసుకున్నాను. అందులో నాకూ వసంత్‌కూ మధ్య ఇరవై ఎనిమిదేళ్లుగా నడిచిన వాదన ఉంది. ఏ సంవత్సరానికి ఇంగ్లీషు ర్యాపర్లలో, దరువు మీద మాటలు చెప్పేవాళ్లలో, ఎవరు గొప్ప అని. 1979 నుంచి పోయిన సంవత్సరం దాకా నలభై ఆరు వరుసలు. ఇద్దరం ఒప్పుకున్నవి పదకొండు. నేను గెలిచినవి ఇరవై తొమ్మిది. వాడు గెలిచినవి ఆరు.

1996 నేను గెలిచిన వాటిలో ఉంది. దాన్ని వాడు తనకు ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు. రెండు రోజులకు పోయాడు.

ఇవ్వకపోవడం తప్పా కాదా అన్నది తేల్చాలి. తేలితే పుస్తకం మళ్లీ పైన పెట్టేస్తాను.


అక్టోబరు 7

తొమ్మిది బిందెలు. రొట్టెలు ఏడు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. ఆయన తిన్నారు. ఇరవై మూడు.


అక్టోబరు 8, బుధవారం

వరుసగా రాస్తే తప్పు ఎక్కడుందో కనబడుతుంది. అందుకని రాస్తున్నాను.

సెప్టెంబరు 12, శుక్రవారం. పదకొండు కావస్తోంది. వసంత్ బద్వేలు నుంచి, వాడి సెల్‌ఫోన్ల షాపులో కూర్చుని చేశాడు. నేను పప్పు ఎనుపుతున్నాను, ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాను.

"ఏం చేస్తాండావు అక్కా?"

"పప్పు ఎనపతాండా. చెప్పు."

"తొంభై ఆరు నాకియ్యి."

"మళ్ల మొదలుపెట్టినావా."

"నలభై ఆరేండ్లలో ఒగటే గదా అడగతాండేది. టూపాక్ పేరు రాయి. నీదేం పోతాది?"

"వాడికి ఊపిరులు ముప్పై ఒకటి. నేను చెప్పిన ఆయమ్మికి పందొమ్మిది. లెక్క లెక్కే."

"లెక్క లెక్కేలే. ఆ లైను పక్కన ఒక తూరి చూసుకో."

"చూసేదానికేముండాది? నేను గీసిన గీతలే గదా."

నవ్వాడు. "నీ ముందర జడ్జీలు కూడా దండగ అక్కా" అన్నాడు. పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

చేయలేదు. శనివారం స్త్రీల సమాజం కూడిక, మాట మీద మాట సాగి పొద్దు వాలింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి తీరిగ్గా చేద్దామనుకున్నాను. ఆదివారం పొద్దున ఏడున్నరకు వాడి భార్య జీవమ్మ చేసింది. స్నానానికి పోయినవాడు స్నానాల గదిలోనే పడిపోయాడట. గుండె.

శుక్రవారం వాడి గొంతులో ఆయాసం ఏమైనా ఉందా అని చాలాసార్లు ఆలోచించాను. గుర్తు రావడం లేదు. ఊపిరి లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆ రోజు లెక్కపెట్టలేదు.


అక్టోబరు 9

బిందెలు తొమ్మిది. కందిపప్పు ఎండకు వేశాను. మజ్జిగ మిరపకాయలు డబ్బాకు ఎత్తాను.

ఊపిరి సంగతి కూడా రాయాలి, అదే మొదలు కాబట్టి.

మా నాయన మా ఊరి చర్చిలో వాక్యం చదివేవాడు. ఆదివారం మధ్యాహ్నం పిల్లలందరినీ కూర్చోబెట్టి కీర్తనలు అప్పజెప్పించేవాడు. అన్నిటికన్నా పొడవైన కీర్తన పోటీకి. పిల్లవాడు చెబుతుంటే నాయన రెండు పళ్లేలు ముందు పెట్టుకునేవాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక చింతగింజ ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి. ఎవరికి తక్కువ గింజలు పడితే వాళ్లకు నువ్వుల ఉండ. ఎప్పుడూ నేనే తినేదాన్ని. వసంత్ మధ్యలో నవ్వేవాడు, నవ్వితే ఊపిరి పోతుంది. ఉండలో సగం వాడికి ఇచ్చేదాన్ని. సగమే.

వాడు 1996లో కువైట్ పోయాడు, ఒక ఇంట్లో డ్రైవరుగా. యజమాని కొడుకును బడికి తీసుకుపోయేటప్పుడు ఆ పిల్లవాడు కారులో ఇంగ్లీషు క్యాసెట్లు పెట్టేవాడట. మూడో నెలలో జాబు వచ్చింది. "అక్కా, ఈడ కొందరు మన నాయన పోటీ మాదిరే చెప్తాండారు, వెనకాల దరువు పెట్టుకొని. నువ్వు వినాల. మన ఊర్లో పుట్టింటే వీండ్లకు నువ్వుల ఉండలు చాలవు."

తరువాత క్యాసెట్లు పంపాడు. పాతవీ కొత్తవీ యజమాని కొడుకు దగ్గర అడిగి, తన టేపులోకి ఎక్కించి, సెలవుకు వచ్చే వాళ్ల చేతికి ఇచ్చేవాడు. నాకు ఆ మాటలు అర్థం కావు. దరువు పిండి రుబ్బేటప్పుడు బాగుంటుంది. కానీ ఊపిరి తెలుస్తుంది. ఏ మనిషైనా ఊపిరి తీసుకోక తప్పదు, దాన్ని ఎక్కడ తీసుకుంటాడు, ఎలా దాస్తాడు అన్నదే పనితనం. అది నాయన చెప్పిన మాట. నేను చింతగింజలు తీశాను.

1997 క్రిస్మసుకు సెలవులో వచ్చినప్పుడు ఈ పుస్తకం మొదలుపెట్టాం. నిబంధనలు మొదటి పేజీలో నేనే రాశాను. ఏడాదికి వాడొక పేరు చెప్పాలి, నేనొక పేరు. ఒక్కొక్కరిదీ రెండు నిమిషాల ముక్క. ఎవరికి ఊపిరులు తక్కువో ఆ ఏడాది వాళ్లది. వరుస చివర ఇద్దరి సంతకాలు. తీర్పు మార్చాలంటే ఎర్రగీత ఒకటే గీయాలి, కింద ఉన్నది కనబడాలి, పక్కన మళ్లీ ఇద్దరం సంతకం పెట్టాలి. ఇంతవరకు ఎర్రగీత అవసరం రాలేదు.

"నువ్వే లెక్కపెట్టు అక్కా, నాకు రాదు" అనేవాడు. ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేవాడు. "నేను పంపిండేదే విను. బయట దొరికేటివన్నీ కల్తీ."

నేను బయటివి ఎప్పుడూ వినలేదు. ఫోను వచ్చాక కూడా.


అక్టోబరు 11, శనివారం

లైను పక్కన చూసుకోమన్నాడు కాబట్టి భూతద్దం పెట్టి చూశాను. 1996. వాడిది టూపాక్, ముప్పై ఒకటి. నాది లారిన్ హిల్, పందొమ్మిది. తీర్పు: లారిన్ హిల్. సంతకాలు రెండు. కూడిక తప్పు లేదు, అక్షరం తప్పు లేదు.

ఎడమ అంచున ఒక పెన్సిల్ గీత ఉంది, కొక్కెం లాంటిది. సగం కుట్టులోకి పోయింది. కరోనా సంవత్సరంలో పుస్తకం విడిపోతుంటే నేనే దబ్బనంతో కుట్టాను. ఎవరి పిల్లలో గీసి ఉంటారు. రబ్బరు వెతికాను, కనబడలేదు. చెరిపెయ్యాలి.

ఇరవై ఏడు.


అక్టోబరు 12, ఆదివారం

ఆరాధన. తరువాత స్త్రీల సమాజం సంతోషమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, లోపల పెట్టుకోవద్దమ్మా, ఒకసారి గట్టిగా ఏడ్చేయి అన్నారు. వచ్చే వారం కూడికకు చాపలు ఎన్ని కావాలో అడిగాను. ఆమె చేతులు వదిలేశారు.

పద్నాలుగు చాపలు.


అక్టోబరు 13

పనులు అన్నీ అయినవి. వివరం రాయను.

మధ్యాహ్నం పుస్తకం మొదటి నుంచి చదివాను. 1988 దగ్గర వాడి వాదన పూర్తిగా రాసి ఉంది. వాడు చక్ డీ అన్నాడు, నేను రకీమ్ అన్నాను. వాడి మాట: "రకీమ్ మంచం మీద కూచ్చొని చెప్పినట్ల చెప్తాడు. చక్ డీ మిద్దె ఎక్కి ఊరంతటికీ చెప్తాడు. ఊరికి చెప్పేటోడికి ఊపిరి ఎక్కువ కావల్ల గదక్కా." నేను కింద రాసింది: ఎక్కువ కావాలంటే ఎక్కువ పీల్చుకోనీ, ఎక్కువసార్లు కాదు. రకీమ్‌కు ఇచ్చాను.

1994లో నేను నాస్, వాడు బిగ్గీ. నాస్ కిటికీలోంచి వీధి చూస్తూ చెబుతాడని నేను. బిగ్గీ అన్నం తిని చేయి కడుక్కుని చెబుతాడని వాడు, అంత నిమ్మళం ఎవరికీ రాదని. పద్దెనిమిది, ఇరవై ఏడు. నాస్.

1998కి వాడు డీఎంఎక్స్ అన్నాడు. ఆయన మధ్యలో కుక్కలా మొరుగుతాడు. మొరగడం ఊపిరి కిందికి వస్తుందా రాదా అని మూడు జాబులు నడిచాయి. వాడు అక్కడ కువైట్లో తోటి డ్రైవర్లను కూడా అడిగి ఓట్లు పంపాడు. రాదని తేల్చి, మొరిగినవి వదిలేసి లెక్కపెట్టినా ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆ ఏడాదీ లారిన్ హిల్. "నీకు ఆయమ్మి అంటే ఇష్టం, అంతే" అని రాశాడు. ఇష్టం కాదు, లెక్క.

2000కి వాడు ఎమినెమ్. నలభై నాలుగు. పుస్తకంలో అందరికన్నా ఎక్కువ.

1996 దగ్గర ఊపిరి కాక ఇంకో వాదన కూడా ఉంది. టూపాక్ ఆ ఏడాది సెప్టెంబరులో చనిపోయాడు. సంవత్సరం చివర లేని మనిషికి సంవత్సరం ఎలా రాస్తామని నేను అడిగాను. వసంత్ రాసిన జవాబు అంటించి ఉంది, నీలం కాగితం.

"సెప్టెంబరు దాకా ఉండె గదక్కా. తొమ్మిది నెలలు చాలదా?"

పుస్తకం మూసి, గోధుమలు జల్లించాను.


అక్టోబరు 14, మంగళవారం

టేప్‌రికార్డరు బెల్టు మార్పించి తెచ్చారు ఆయన. పాత క్యాసెట్టు పెట్టాను, 1996ది. పళ్లేలు రెండు, చింతగింజలు యాభై. తలుపు వేసి, కుక్కరు ఆపి, ఫ్యాను కూడా ఆపి విన్నాను.

టూపాక్ ముప్పై ఒకటి.

లారిన్ హిల్ పందొమ్మిది.

నా లెక్క సరే. ఇవ్వకపోవడం తప్పు కాదు. తేలిపోయింది.


అక్టోబరు 15

తొమ్మిది బిందెలు. ముప్పై ఒకటి.


అక్టోబరు 16

ముప్పై ఒకటి.


అక్టోబరు 17

ఇంకోసారి వినాల్సిన పని లేదు. విన్నాను. ముప్పై ఒకటి.


అక్టోబరు 18, శనివారం

ఆయన డిపో నుంచి తొందరగా వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ నిలబడి కాసేపు విన్నారు. మా అక్కాతమ్ముళ్ల వాదన ఆయనకు ఎప్పుడూ ఒక వేడుక. వసంత్ వస్తే, మీ గొణుగుడు దేవుళ్లు బాగున్నారా బామ్మర్దీ అని పలకరించేవారు. ఈ రోజు వేడుకగా అనలేదు.

"ఎన్ని తూర్లు వింటావు ప్రసన్నా?"

"లెక్క సరిచూస్తాండా."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

"మరి?"

లేచి పొయ్యి వెలిగించాను. టీ పెట్టాను. ఆయన గ్లాసు కడిగే ఉంది, మళ్లీ కడిగాను.


అక్టోబరు 20

వీధిలో టపాకాయలు. కిటికీలు మూశాను. ముప్పై ఆరు.


అక్టోబరు 24, శుక్రవారం. బద్వేలు

నలభయ్యో రోజు కూడిక. నేనూ ఆయనా మొదటి బస్సుకు బయలుదేరి వెళ్లాం. సంచిలో పుస్తకం, 1996 క్యాసెట్టు పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో రాయడం లేదు, నాకూ తెలియదు.

ప్రార్థన, భోజనాలు అయ్యాక మగవాళ్లు షామియానా కింద కూర్చున్నారు. నేనూ జీవమ్మా జెస్సీ వెనక గదిలో. జెస్సీ వసంత్ కూతురు, కడపలో నర్సింగ్ చివరి సంవత్సరం. వాళ్ల నాయన చెప్పిన పుస్తకం చూపించమని అడిగింది. ఇచ్చాను. బొట్టనవేలు తడి చేయకుండా మెల్లగా తిప్పింది, అది నాకు నచ్చింది. 2015 దగ్గర ఆగి, కెండ్రిక్ లమార్, ఇద్దరూ ఒప్పుకున్నారా, మంచిదే, లేకుంటే నేను మీ ఇద్దరితోనూ మాట్లాడేదాన్ని కాదు అంది. వసంత్ గొంతు కొంచెం ఉంది దానిలో. వెనక్కి తిప్పుతూ పోయి 2000 దగ్గర ఆగింది.

"ఎమినెమ్‌కు నలభై నాలుగా? ఇది ఎవరు లెక్కపెట్టినారు అత్తా?"

"నేనే."

"రెండు నిమిషాల్లోనా? ఆయప్ప ఊపిరి తీసుకునేదే తెలీదు గదత్తా. అందరూ ఆయన్ను దానికే గదా చెప్పుకొనేది."

నాకు నచ్చలేదు. క్యాసెట్టు తీసి, అనుమానముంటే విను, 1996ది ఇక్కడే ఉంది అన్నాను. వసంత్ టేపు వాడి బల్ల మీదే ఉంది, దుమ్ము లేదు. జీవమ్మ తుడుస్తూ ఉన్నట్టుంది. పెట్టాం. నేను వేళ్లు మడుస్తూ పోయాను. నాలుగో వేలు మడిచేసరికి జెస్సీ ఆపేసింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ ఆపింది.

"అత్తా, ఇది ఊపిరి గాదు. కట్ చేసినారు ఈడ."

ఫోనులో అదే పాట తీసి, అదే చోటు వినిపించింది. నేను ఊపిరి అని గింజ వేసిన చోట ఊపిరి లేదు. అక్కడ ఒక మాట ఉంది. మనిషి ఆగకుండా చెప్పుకుంటూ పోతున్నాడు. క్యాసెట్టులో ఆ మాట లేదు, దాని స్థానంలో ఎగపీల్చినట్టు చిన్న చప్పుడు, అంతే. తరువాతి చోటా అంతే. దాని తరువాతా అంతే.

"ఏం మాట అది?" అని అడిగాను.

జెస్సీ వాళ్లమ్మ వైపు చూసింది. "వద్దులే అత్తా."

జీవమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తరువాత రెండూ.

"బూతులు వదినా. అన్నీ బూతులే. నేను పెండ్లైన కొత్తలో చూసినా. సెలవులో వస్తే ఆ మూల కూచ్చొనేటోడు, రెండు టేపులు ఎదురుబొదురు పెట్టుకొని. పాజు మీద వేలు. బూతొచ్చే ముందర నొక్కేది, అది పోయినాక వదిలేది. ఒక పాటకు పూటంతా పట్టేది. అన్నానికి పిలిస్తే ఇంగో చెయ్యి అడ్డం పెట్టేటోడు, మాట్లాడొద్దు, తప్పిపోతాది అని."

ఎందుకని అడిగాను. నాకు తెలిసే అడిగాను.

"మీ మామ ఇంగ్లీషు అయ్యవారు గదా వదినా. ఒక్క మాట ఆయన చెవిలో పడినా క్యాసెట్లన్నీ బయట పారేస్తాడు, అక్కను మాటలంటారు, మళ్ల అక్క వినేదానికి ఉండదు అనేటోడు."

మామగారు పోయి పదిహేనేళ్లు. తరువాతైనా చెప్పవచ్చు కదా అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"నేనూ అదే అడిగినా. ఫోన్లలో పంపేటప్పుడు కూడా బూతులు తీసేసిండేటివి వెతికి వెతికి పంపేటోడు. చెప్పేస్తే ఏం పోతాది అంటి. అప్పటికే పుస్తకం సగం నిండిపోయిండాది జీవీ, ఇప్పుడు చెప్తే మా యక్క అంతా కొట్టేసి పక్కన పెడ్తాది, ఇంగ వినదు అన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వింటాండాది గదా, ఓడిపోతే నాకేం పోతాది అన్నాడు."

బయట ఎవరో జీవమ్మను పిలిచారు. వెళ్లింది. జెస్సీ క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టి నాకు ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పుస్తకం తెరిచి చూశాను. ఎవరు ఎక్కువ తిట్టారో వాళ్లే ఓడిపోయారు. డీఎంఎక్స్, ఎమినెమ్, టూపాక్. శుభ్రంగా మాట్లాడిన వాళ్లంతా గెలిచారు. ఇరవై ఎనిమిదేళ్లు ఊపిరి లెక్కపెడుతున్నాననుకున్నాను. వాడి వేలు లెక్కపెట్టాను.


అక్టోబరు 25

ఎనిమిది బిందెలు. ఒకటి జారి పడింది, సొట్ట. రొట్టెలు ఐదు చేశాను. ఎందుకు ఐదు చేశానో తెలియదు. ఆయన రెండు తిని లేచారు, నాకు మూడు ఉంచారు.


అక్టోబరు 27, సోమవారం

జెస్సీ ఆ పాటలు రెండూ ఫోనుకు పంపింది. కింద రాసింది: అత్తా, మాటలు పట్టించుకోకు.

మధ్యాహ్నం పెట్టుకున్నాను. పళ్లేలు, గింజలు. మామగారి ఫొటో ఆ గదిలోనే ఉంది. ఒక నిమిషం ఆలోచించి, గోడ వైపు తిప్పాను.

మాటలు కొన్ని అర్థమయ్యాయి. సీరియళ్లలో, పిల్లల ఫోన్లలో వినబడేవే. వీటి కోసమా వాడు పూటంతా కూర్చున్నాడు. కువైట్లోనూ ఇంతే అయి ఉంటుంది, ఎండలో డ్యూటీ చేసి వచ్చి, నలుగురు పడుకునే గదిలో, అన్నం చల్లారబెట్టుకుని.

టూపాక్ పదిహేడు. మళ్లీ విన్నాను. పదిహేడు. ఈయన ఊపిరి మాట చివర తీసుకోడు, మాట మధ్యలో దొంగతనంగా తీసుకుంటాడు. ఇంతమంచి పనితనం నేను ఎప్పుడూ వినలేదు. నాయన ఉంటే పళ్లెం పక్కన పెట్టి ఊరికే వినేవాడు.

లారిన్ హిల్ పాటలో కోతలు లేవు. పందొమ్మిదే.

రెండు తక్కువ. వాడు అడిగినప్పుడు తొంభై ఆరు వాడిదే. నేను ఇవ్వాల్సిందే. వాడికి అది తెలుసు, మొదటి నుంచీ తెలుసు, నా దగ్గర అడుక్కున్నాడు. నేను పప్పు ఎనుపుతూ లెక్క లెక్కే అన్నాను.

ఎర్ర పెన్ను తీశాను. తీసి పెట్టేశాను. నిబంధన నేను రాసిందే. దిద్దితే పక్కన ఇద్దరి సంతకాలు ఉండాలి.

సాయంత్రం ఆయనకు చెప్పాను. జీవమ్మనో జెస్సీనో వాడి బదులు పెట్టమనవచ్చు కదా అన్నారు. వాదించింది వాళ్లు కాదు. ఒకరి సంతకం ఒకరు పెట్టే పుస్తకం కాదు ఇది. సంతకం లేకుండా దిద్దితే నా ఇష్టానికి ఇచ్చినట్టు అవుతుంది, దయగా ఇచ్చినట్టు. అది వాడి గెలుపు. దయ కాదు.

ఆయన చాలాసేపు పుస్తకం తిప్పి చూశారు. 1996 పేజీ కిటికీ వెలుతురుకు ఎత్తారు.

"ఈ అంచున ఏముండాది?" అన్నారు.

పిల్లల గీత అన్నాను. చెరిపెయ్యాలని అనుకుంటున్నా, రబ్బరు దొరకలేదు అన్నాను.

"మన ఇంట్లో పిల్లలు యాడ ఉండారు?" అన్నారు ఆయన.


అక్టోబరు 28, మంగళవారం

నీళ్లు: తొమ్మిది బిందెలు. రొట్టెలు: ఏడు. చొక్కా గుండీ కుట్టాను, మూడు వారాల కింద మిగిలిపోయినది. సొట్ట బిందె బాగు చేయించడానికి ఇచ్చాను.

పదింటికి బ్లేడు తీసుకుని పుస్తకం కుట్టు విప్పాను. పద్నాలుగు కుట్లు. దారం దగ్గర కాగితం చిరగకుండా ఒక్కొక్కటే. అంచు తెరుచుకుంది.

పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో, వసంత్ సంతకం. నేను కొక్కెం అనుకున్నది దాని చివరి వంపు. కింద తేదీ: 25-12-2018.

ఆ క్రిస్మసుకు వాళ్లు ముగ్గురూ కల్లూరు వచ్చారు, ఈ ఇంటికి. భోజనానికి ముందు వాడు పుస్తకం అడిగాడు, ఒకసారి చూస్తానని. నేను వంటింట్లో ఉన్నాను. పెన్సిలు ఎక్కడుందని కేక వేశాడు. దేనికిరా అన్నాను. ఊరికేలే అన్నాడు. దిద్దుబాటు పక్కన ఉండాల్సిన తన సంతకం ముందే పెట్టుకుని, దిద్దుబాటు కోసం ఏడేళ్లు ఆగాడు. నేను రెండేళ్ల తరువాత, చూడకుండా, దాని మీద నుంచి దబ్బనం దించాను.

చూసుకోమన్నాడు. చెప్పాడు. నాకే చెప్పాడు.

స్కేలు పెట్టి ఎర్రగీత గీశాను, లారిన్ హిల్ పేరు మీద, పేరు కనబడేలా. స్కేలు పెట్టే గీశాను గానీ గీత చివర వంకర పోయింది. సిరా కూడా ఒకచోట పాకింది, నీటి బొట్టు పడినట్టుంది. అద్దుడు కాగితం పెట్టాను. కాసేపు కూర్చున్నాను. ఎంతసేపో రాయలేను, గడియారం చూడలేదు. ఆయన వచ్చి, పొయ్యి మీదున్నది దించి, పక్కన కూర్చున్నారు.

పేరు పైన రాశాను: టూపాక్. ఊపిరులు: పదిహేడు. సెప్టెంబరు వరకు ఉన్నాడు, చాలు. వాడి సంతకం పక్కన నా సంతకం పెట్టాను, సిరాతో. వాడిది పెన్సిలుదే ఉంచాను, దాని మీద దిద్దలేదు.

కుట్టు మళ్లీ వేశాను, అంచు వదిలి.

మిగతా ఇరవై ఎనిమిది కూడా తప్పే అయి ఉంటాయి. జెస్సీ వచ్చే నెల వస్తానంది, కూర్చుని వింటాం, ఎంతకాలం పడితే అంతకాలం. వాడు మాత్రం అడిగింది ఒకటే.

వసంత్‌కు నేను ఇవ్వాల్సినది: 1996. ఈ రోజు ఇచ్చాను. బాకీ చెల్లు.